మా గోడ మీద రెండో పెట్టె

తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధిలో నిలబడి తల పైకెత్తితే ఆకాశం కన్నా ముందు తీగలు కనబడతాయి. కరెంటువి కొన్ని, పాత టీవీవి కొన్ని, మిగతావన్నీ ఇంటర్నెట్టువి. నలభై ఇళ్ళు కూడా లేని చేనేత వీధి కోసం కంపెనీలు పడిన పోటీ చూస్తే, మా ఇళ్ళ కింద ఏదైనా నిధి ఉందేమోనని నాకే అనుమానం వచ్చేది. ఒకళ్ళు సినిమాలు ఉచితమన్నారు, ఇంకొకళ్ళు క్రికెట్ ఉచితమన్నారు, మూడో వాళ్ళు మొదటి నెల మొత్తమే ఉచితమన్నారు. ఆ పోటీలో ఎవరు గెలిచారో నాకు అక్కర్లేదు. ఓడింది మాత్రం నేను. ఇన్ని నెలలైనా తలుచుకుంటే ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

నేను పుట్టింది వేలూరు పక్కన తొరపాడిలో. మెట్టినిల్లు గుడియాత్తం. మా మామ గుంటమగ్గంలో కూర్చుని లుంగీలు నేస్తారు. అత్త పక్కనే రాట్నం పెట్టుకుని కండెలు చుడుతుంది. మా ఆయనకు జోలార్పేటలో రైల్వే పని, తెల్లారకముందు వెళ్ళి చీకటిపడ్డాక వస్తాడు. నా ఉద్యోగం వేలూరులోని ఒక ఆఫీసులో. ఆసుపత్రి కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ గుర్తు, ఏ వైద్యానికి ఏ గుర్తు అని కంప్యూటర్లో వేయడం నా పని. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్నాను, బాగా చేస్తానని పేరు కూడా ఉంది.

పాప పుట్టి సెలవు అయిపోయాక, పాపకు ఏడాది నిండేదాకా ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసు ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోలేదు. ఫోన్ నెట్‌తో పని చేయకూడదు, రోగుల వివరాలు కదా. గోడలోంచి వచ్చే తీగ లైనే ఉండాలి, అది ఎవరిదో ఆఫీసులో రాయించాలి. ఒకే నెలలో పని వేళల్లో మూడుసార్లు లైను తెగితే మర్నాటి నుంచి వేలూరు వచ్చి కూర్చోవాలి. బస్సులో వెళ్ళి రావడం, పని, అన్నీ కలిపితే పొద్దున ఏడుకు పోతే రాత్రి ఏడుకు ఇల్లు. పాపకు అప్పుడు ఎనిమిదో నెల. సీసా చూపిస్తే మొహం తిప్పుకునేది, చెంచాతో పోస్తే ఉమ్మేసేది. నా పాలు తప్ప ఏదీ ముట్టుకునేది కాదు. ఉద్యోగం మానుకునే స్థితి మాది కాదు. అంటే, పాప నా దగ్గర పాలు తాగాలా వద్దా అన్నది గోడలోంచి వచ్చే ఒక సన్నటి తీగ తేల్చాలన్నమాట. ఆ షరతు మీద సంతకం పెట్టినప్పుడు నాకు భయం వేయలేదు. లైను ఎందుకు తెగుతుంది అనుకున్నాను.

మా ఇంట్లో లైను ఇచ్చింది వీధిలో అందరూ కేబుల్ అన్న అని పిలిచే మనిషి. టీవీలకు డబ్బా లేని రోజుల నుంచీ మా వీధికి ఆయనే. మా తెలుగు భాషే, మావాళ్ళే. ఇంటర్నెట్ వచ్చినప్పుడు తనే వచ్చి గోడకు మేకు కొట్టి, లైట్లు వెలిగే పెట్టె తగిలించి, పెట్టెకు ఏమీ వద్దన్నాడు. మా మామ దృష్టిలో ఆ పెట్టె మా ఇంటిది కాదు, నమ్మి మా ఇంట్లో పెట్టిన ఒకరి సొత్తు. ఆయుధపూజ రోజు మగ్గానికి, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెకి, రాట్నానికి బొట్టు పెట్టి, ఆ వరసలోనే పెట్టెకూ బొట్టు పెట్టారు. నేను నవ్వాను. అత్త కూడా నవ్వింది.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. నూలిచ్చే షావుకారును మేము ముదలాళి అంటాం. నూలు ఏ షావుకారు గడప నుంచి వస్తే, నేసిన బట్ట ఆ గడపకే పోవాలి. ఒకరి నూలు మగ్గం మీద ఉండగా ఇంకొకరి నూలు ఇంట్లో పెట్టుకుంటే దొంగసొమ్ము పెట్టుకున్నట్టే. షావుకారును మార్చాలనుకుంటే, మిగిలిన నూలును ఉతికిన గుడ్డలో మూట కట్టి, పైన ఆకూ వక్కా పెట్టి, తీసుకెళ్ళి చేతికిచ్చి, ఇక మీది నేయలేనని ముఖం చూసి చెప్పాలి. షావుకారు వ్యాపారం మానుకున్నా అంతే. ఇంటింటికీ వచ్చి చెప్పిపోతాడు. మా మామ నలభై ఏళ్ళుగా ఒకే గడపకు నేస్తున్నారు. అది గొప్పగా చెప్పుకోవడం కూడా ఆయనకు తెలియదు, అందరూ అలాగే ఉంటారని అనుకుంటారు.

ఇలాంటి వీధిలోకి వచ్చింది పెద్ద కంపెనీ. ముందు వీధి మొదట్లో రంగుల గొడుగు పాతారు. తర్వాత ఆటోకు మైకు కట్టి తిప్పారు. ఎవరూ గొడుగు దగ్గరికి పోకపోయేసరికి మధ్యాహ్నాలు ఇళ్ళ మీద పడ్డారు. మా ఇంటికి కంపెనీ చొక్కాలు వేసుకుని ఒక ఆడమనిషి, ఒక మగమనిషి వచ్చారు. నేను లోపలి గదిలో పనిలో ఉన్నాను. మామ గుంటలో ఉన్నారు, మగ్గం చప్పుడులో ఆయనకు ఏమీ వినబడదు. కాలితో ఉయ్యాల ఊపుతూ కండెలు చుడుతున్న అత్తను, ఆ ఆడమనిషి తమిళంలో అమ్మా అమ్మా అని పది సార్లు పిలిచి, పాపను ముద్దు చేసి, ఒక చిన్న యంత్రం ఆమె ముందు పెట్టిందట. మీ ఇంటిదాకా లైను వస్తుందో రాదో చూస్తాం, వేలు పెట్టండి అన్నారట.

రేషన్ షాపులో వేలు పెట్టీ పెట్టీ మా అత్తకు వేలు పెట్టడమంటే బియ్యం తెచ్చుకోవడమే. పెట్టింది. ఆ ఒక్క వేలితో ఆమె పేరు మీద కొత్త లైను, కొత్త ఒప్పందం, ఎవరూ చదివి వినిపించని ఇన్ని పేజీల షరతులు పుట్టుకొచ్చాయి. చదువు రాని మనిషి చేత అబద్ధం చెప్పి వేలు పెట్టించుకోవడాన్ని నేనైతే ఒక పేరుతో పిలుస్తాను. వాళ్ళు దాన్ని టార్గెట్ అంటారు.

మూడో రోజు నిచ్చెనతో, డ్రిల్లుతో మనుషులు దిగారు. అత్త, పాత పెట్టె బాగుచేయడానికి వచ్చారనుకుని దారి ఇచ్చింది. గోడ తొలిచిన దుమ్ముకు పాప తుమ్ముతుంటే నేను పని వదల్లేక లోపలి నుంచే కేకేశాను. అంతలో నా కంప్యూటర్లో తెర కదలడం ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే గోడ మీద రెండు పెట్టెలు. కొత్తదానికి పచ్చ లైటు. పాతదానికి ఎర్ర లైటు.

అత్త నా మొహం చూసి భయపడింది. "లైను వస్తాదో రాదో చూస్తామన్నారమ్మా. చూస్తే పోయేదేముందిలే అని పెట్టినాను" అంది. ఆమెను ఏమనగలను?

మామ మగ్గం దిగి వీధిలోకి వెళ్ళారు. కేబుల్ అన్న తీగ మా గడప ముందు వేలాడుతోంది. దాని కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూశారు. జీవితమంతా తెగిన పోగులు ముడేసిన కళ్ళవి. లాగితే తెగిన దారానికి పీచు లేస్తుంది, కత్తెర పెట్టిన దానికి లేవదు. తీగలోపలి దారాలకూ అంతే.

"ఇది తెగలేదమ్మా. కోసినారు" అన్నారు.

నిచ్చెన వాళ్ళు అప్పటికే పక్క వీధికి పోయారు. వాళ్ళ పెట్టె అమ్ముడుపోవాలంటే పక్కవాడి పెట్టె చచ్చిపోవాలి, అదీ వ్యాపారం. పోటీ వస్తే జనానికి మేలు అని పేపర్లలో రాసే పెద్దమనుషులు ఒకసారి మా వీధికి వచ్చి ఆ కొసను చూస్తే బాగుండేది. ఆఫీసులో నా పేరు పక్కన మొదటి గుర్తు పడింది.

సాయంత్రం కేబుల్ అన్న వచ్చాడు. తీగ అతికించాడు. కేకలు వేయలేదు, ఎవరినీ తిట్టలేదు. వేసుంటే నాకు తేలికయ్యేది. గడప బయటే చెప్పులు విడిచి నిలబడి, గోడ మీది రెండో పెట్టె వంక చూసి, మా మామ వంక చూశాడు.

"ఇరవై ఏండ్లుగా మీ వీధిలో తిరుగుతా ఉండాను మామా. నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

మా మామ మొహం మాడిపోయింది. కట్టుకున్న లుంగీ సవరించుకున్నారు, తువ్వాలు భుజం మార్చుకున్నారు. దొంగనూలుతో పట్టుబడ్డ మనిషి కూడా అంత సిగ్గుపడి ఉండడు. "ఆ పెట్టె మేము అడిగింది కాదు నాయనా. నీ పెట్టె ఉండంగా అది ఈ ఇంట్లో వెలగదు" అన్నారు. అని, నా ముందే దాని స్విచ్చి ఆపేశారు. కేబుల్ అన్న కళ్ళు తుడుచుకుని కాఫీ తాగి పోయాడు.

ఆ రోజు నాకు లోపల కాస్త తెలివి తక్కువ తెలివి పుట్టింది. మామ మాట మామకు ఉండనీ, రెండో పెట్టె గోడ మీదే ఉంటుంది కదా, పాతది తెగిన రోజున ఇది వెలిగించి, ఆఫీసుకు చెప్పి లైను పేరు మార్పించుకుంటాను అనుకున్నాను. ఒక ఇంట్లో రెండు లైన్లు ఉంటే నాకే మంచిదని సంబరపడ్డాను కూడా.

తర్వాతి వారం వీధిలో యుద్ధమే జరిగింది. ఒక పొద్దున పెద్ద కంపెనీ తీగలు నాలుగు చోట్ల కోసి ఉన్నాయి. ఆ మధ్యాహ్నానికి కేబుల్ అన్న తీగలు ఆరు చోట్ల. ఎవరు కోశారని అడిగితే ఇద్దరూ ఉడతల పేరు చెప్పారు. మా వీధి ఉడతలకు కత్తెర పట్టడం ఎప్పుడు వచ్చిందో మరి. ఇళ్ళలో ఉన్న మేము వాళ్ళకు గుర్తు కూడా లేము. మీద మీద పడి కొట్టుకునే వాళ్ళ కాళ్ళ కింద మేమున్నాం.

నా లైను రెండోసారి పోయింది అప్పుడే. పరుగున వచ్చి రెండో పెట్టె స్విచ్చి మీద చెయ్యి పెట్టబోయాను. స్విచ్చి ఉంది, దాని పక్కన మేకులు ఉన్నాయి, పెట్టె లేదు. గోడ మీద సున్నం ఊడిన నలుచదరపు మచ్చ మాత్రం ఉంది. అత్తనడిగితే, మీ మామ పొద్దున్నే వేలూరు పోయినాడమ్మా అంది.

ఆయన మధ్యాహ్నం బస్సులో వచ్చారు. మొహం కడిగినట్టు తేటగా ఉంది. ఏం చేశారో కూర్చుని నింపాదిగా చెప్పారు. పెట్టెను తుడిచి, దాని తీగను అట్ట మీద చుట్ట చుట్టి, తను నేసిన కొత్త లుంగీలో మూట కట్టి, పైన ఆకూ వక్కా పెట్టుకుని, వేలూరులో ఆ కంపెనీ షాపు వెతుక్కుంటూ పోయారట. కౌంటర్లో ఉన్న అమ్మాయి చేతికి మూట ఇచ్చి, తెలియక మా ఇంటామె తీసుకుంది, మేము ఇంకొకరికి మాటిచ్చి ఉన్నాం, తప్పుగా అనుకోవద్దని తమిళంలో చెప్పారట. ఆ అమ్మాయి ఆకూ వక్కా ఏం చేయాలో తెలియక కంప్యూటర్ పక్కన పెట్టుకుందట. లుంగీ ఆమెనే ఉంచుకోమని వచ్చేశారు. చెబుతూ చెబుతూ ఒక బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలారు.

ఆ ఇంట్లో కోడలిగా నేను ఎన్నడూ మామ ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను.

"మామా, అది నూలు కాదు. వాళ్ళు ముదలాళిలు కాదు, వాళ్ళకి మన మొగం కూడా తెలీదు. ఇంకొక్కసారి లైను పోతే నేను వేలూరు పోవాల. పాపకి పాలు ఎవురిస్తారు?"

"నేను మాట ఇచ్చినాను గదమ్మా" అన్నారు. మళ్ళీ మగ్గంలోకి దిగిపోయారు.

ఆయన మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మాట నిలబెట్టుకోవడం మంచిదే, ఎదుటివాడు మనిషైతే. వీధిలో ఉన్న ఆడవాళ్ళను మాయచేసి వేళ్ళు పెట్టించుకునే వాళ్ళకు ఆకూ వక్కా ఏమిటి? అత్త ఆ రోజు నాకు అన్నం పెట్టి పక్కన కూర్చుంది.

పెద్ద కంపెనీకి ఫోన్ చేసి లైను మళ్ళీ ఇమ్మన్నాను. ఇంతకుముందు రోజుకు నాలుగుసార్లు వాళ్ళే ఫోన్ చేసి అడిగినవాళ్ళు. ఇప్పుడు, మీ గడపకు ఇచ్చిన లైను మీరే వెనక్కి ఇచ్చేశారు, కొన్ని వారాల దాకా అదే గడపకు మళ్ళీ ఇవ్వడానికి సిస్టమ్ ఒప్పుకోదు అన్నారు. మిగతా రెండు కంపెనీలు, మీ వీధికి ఇంకా తీగ రాలేదు, వచ్చాక మేమే పిలుస్తాం అన్నాయి. తీగ లేకుండానే ఉచిత సినిమాలు అమ్మడానికి వచ్చారన్నమాట. ఇక మిగిలింది కేబుల్ అన్న ఒక్కడే. అతను ఫోన్‌లో, నా పిల్లల మీద ఒట్టు, నీ లైను తెగనివ్వను చెల్లెమ్మా అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం తప్ప ఇంకేం మిగిలింది నాకు?

నెలాఖరుకు ఇంకో మూడు రోజులు ఉంది. పొద్దున పదకొండు గంటలకు పాపకు పాలిచ్చి పడుకోబెట్టి వచ్చి కూర్చున్నాను. తెర ఆగిపోయింది. వీధిలోకి వచ్చి చూస్తే వీధి మొత్తానికి లైను పోయింది, మా ఇంటికి ఒక్కటే కాదు. కేబుల్ అన్నకు ఫోన్ చేశాను, తీయలేదు. మళ్ళీ చేశాను. పదిహేను సార్లు చేసి ఉంటాను. అతనికి ఫోన్ తీయడం రాదా అంటే, నెల మొదటి రోజున వసూలుకు తనే ఫోన్ చేసేవాడు.

మధ్యాహ్నం రెండు దాటాక నిచ్చెన పట్టుకుని ఒకతను వచ్చాడు. ఒంటి మీద పెద్ద కంపెనీ చొక్కా. ఎక్కింది కేబుల్ అన్న స్తంభం. విప్పింది కేబుల్ అన్న డబ్బా. నేను కింద నిలబడి, ఎవరి తీగ ఎవరు ముట్టుకుంటున్నారని అరిచాను. అతను నిచ్చెన మీద నుంచే, మంచిగానే, తమిళంలో చెప్పాడు. ఈ వీధి ఇప్పుడు మాదేనమ్మా, ఆయన తన ఇళ్ళన్నీ మాకు ఇచ్చేశాడు, ఇవాళ మార్చుకుంటున్నాం, సాయంత్రానికి వచ్చేస్తుంది అన్నాడు.

మా మామ గడపలో నిలబడి విన్నారు. ఆయన చేతిలో నాడె ఉంది, పని మధ్యలో వచ్చారు.

నా పేరు పక్కన మూడో గుర్తు పడింది. మేనేజర్ ఫోన్ చేశాడు. నా కన్నా చిన్నవాడు, చెడ్డవాడు కాదు. ఒక దారి చూపించాడు. ఈ మూడోసారి లైను పోవడం వాళ్ళ పని వల్లే అని లైను కంపెనీ చేత ఒక కాగితం రాయించి తెస్తే, దాన్ని లెక్కలోంచి తీసేస్తాను అన్నాడు. ఒక్క కాగితం. అందులో అబద్ధం కూడా అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

మర్నాడు పాపను చంకనేసుకుని వేలూరు పోయి పెద్ద కంపెనీ షాపులో నిలబడ్డాను. కంప్యూటర్ చూసి, మీరు మాకు వచ్చింది ఇవాళ్టి నుంచమ్మా, నిన్న మీరు మా కస్టమర్ కాదు, మేము రాసివ్వలేం అన్నారు. మీ మనిషే కదా నిచ్చెనెక్కి విప్పింది అంటే, ఆ వివరం మా సిస్టమ్‌లో లేదన్నారు. అక్కడి నుంచి వచ్చి కేబుల్ అన్నను ఇంటి దగ్గర పట్టుకున్నాను. ఆ రోజుకు ఆ లైను నాది కాదు చెల్లెమ్మా, ముందు రోజే చేతులు మారింది, నేనెట్ల రాసిస్తాను అన్నాడు. అంటే ఆ ఒక్క రోజు మేము ఎవరికీ కాము. గొడుగులు పాతి, మైకులు కట్టి, వేళ్ళు నొక్కించుకుని, తీగలు కోసుకుని మా కోసం కొట్టుకున్న ఇందరిలో, నాకు అవసరమైన ఆ పదకొండు గంటలకు ఈమె మా వినియోగదారు అని చెప్పే నాథుడు ఒక్కడూ లేడు.

నేను అటు పోవడం చూసి మామ నా వెనకే వచ్చారని నాకు తెలియదు. కేబుల్ అన్న గుమ్మంలో నా పక్కన వచ్చి నిలబడ్డారు. కేబుల్ అన్న తల వంచుకున్నాడు. వాళ్ళతో పోరాడలేకపోయానని, రోజూ తీగలు కోస్తుంటే అతికించే ఓపిక లేదని ఏదో చెప్పుకున్నాడు. అది నిజమే అయి ఉంటుంది, నేను కాదనను.

మామ అడిగింది ఒక్కటే. "పోతే పోనీలే. ఇచ్చేటప్పుడు మాకు ఒక్క మాట చెప్పినావా నాయనా?"

"చెప్తే మీరంతా ముందే యాడికన్నా పోతారని చెప్పలేదు మామా. ఎన్ని ఇండ్లు ఉంటే అంత డబ్బుకి మాట్లాడినారు వాళ్ళు."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. గడప బయట చెప్పులు విడిచి, కళ్ళు తుడుచుకుని, మా మామ చేత మాట తీసుకున్నది మా ఇల్లు లెక్కలో తగ్గకుండా ఉండటానికి. అమ్మేదాకా మేము చెక్కుచెదరకుండా ఉండాలి, అంతే. మా మామ మోసుకెళ్ళి వెనక్కి ఇచ్చిన ఆ పెట్టె కంపెనీకే మమ్మల్ని అమ్మాడు. మామకు ఈ ముక్క నేను విప్పి చెప్పలేదు. ఆయనకు అక్కడే తెలిసిపోయింది. దారంతా నా ముందు నడిచారు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

శుక్రవారం మేనేజర్ రమ్మన్నాడు. నేను బయల్దేరుతుంటే మామ తెల్ల చొక్కా వేసుకుని వచ్చి బస్సెక్కారు. ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. మేనేజర్ నన్ను కాగితం తెచ్చారా అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపల మామ ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని, తమిళంలో మొదలుపెట్టారు. సార్, ఇంకో లైను ఇంట్లో ఉండింది, దాన్ని తీసి వెనక్కి ఇచ్చేసింది నేను, ఈ బిడ్డకు ఒక్క మాట కూడా చెప్పలేదు, తప్పు నాది, ఏం రాయాలో చెబితే నేను రాసి సంతకం పెడతాను అన్నారు.

ఆ నెలంతటిలో తప్పు నాది అన్న మాట నేను విన్నది అదొక్కసారే. కంపెనీ అనలేదు, కేబుల్ అన్న అనలేదు, వేలు పెట్టించుకున్న మనుషులు అనలేదు. అన్నది తీగలకూ పెట్టెలకూ ఏ సంబంధమూ లేని నేతగాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే, ఆ చల్లటి గదిలో, చేతులు కట్టుకున్న ఆ తెల్ల చొక్కా చూస్తూ కరిగిపోయింది. దాని బదులు ఇంకో కోపం వచ్చింది. అది ఇప్పటికీ పోలేదు.

మేనేజర్ లేచి నిలబడ్డాడు. ఇబ్బంది పడ్డాడు. పెద్దాయనా, మీరు రాస్తే చెల్లదు, లైను ఇచ్చినవాళ్ళు రాయాలి అన్నాడు. సోమవారం నుంచి రమ్మని నాకు చెప్పాడు.

వేలూరు బస్టాండులో గుడియాత్తం బస్సు కోసం నిలబడ్డాం. కోడలితో మామ అడగకూడని విషయాలు కొన్ని ఉంటాయి మా ఇళ్ళల్లో. ఆయన నా వంక చూడకుండా, బస్సుల వంక చూస్తూ అడిగారు.

"పాపకి పాలు ఎట్లమ్మా?"

గుడియాత్తం బస్సు వచ్చింది, ఎక్కాం.

శనివారం, ఆదివారం పాలు మాన్పించాను. రెండు రోజుల్లో మాన్పించడం అంటే ఏమిటో తల్లులకు తెలుసు. నేను కనబడితే ఏడుస్తుందని అత్త పాపను మగ్గం గదిలో పెట్టుకుంది. తలుపు ఇవతల నేను చెవులు మూసుకుని కూర్చున్నాను. మామ ఆ రెండు రోజులూ మగ్గం ఆపేసి పాపను భుజాన వేసుకుని తిప్పారు. ఆదివారం సాయంత్రానికి పాప ఏడ్చి ఏడ్చి అలసిపోయి చెంచాడు పాలు మింగింది. అత్త వచ్చి ఆ సంగతి నాకు గొప్పగా చెప్పింది.

సోమవారం ఏడు గంటల బస్సెక్కాను. పదకొండు గంటలకు ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగా నా రవిక తడిసింది. అది పాప పాలు తాగే వేళ. మరుగుదొడ్డిలోకి పోయి తలుపు గడియ పెట్టుకుని, చేతులు కడుక్కునే తొట్టిలోకి పాలు పిండేశాను. పిండుతూ కోపంతో ఏడ్చాను. తర్వాత కొళాయి తిప్పి, తొట్టి కడిగి, మొహం తుడుచుకుని, పోయి పనిలో కూర్చున్నాను.